బొట్టు పెట్టిన హార్డ్ డిస్క్

మా నాన్న ప్రతి దసరాకూ బొట్టు పెట్టే వస్తువుల్లో ఒక హార్డ్ డిస్క్ కూడా ఉండేది. అది ఏ కంప్యూటర్లోనూ లేదు. ఎల్బీ నగర్‌లో మా అమ్మావాళ్ల ఇంట్లో, దేవుడి అలమారా కింది అరలో, పాత తువాలు ముక్కలో చుట్టి ఉండేది. ఆయుధ పూజ రోజు దాన్ని బయటికి తీసి పీట మీద స్కూటర్ తాళాలు, కత్తెర, స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టేవాడు. దుకాణం మూసేసి ఇన్నేళ్లయినా ఆ వరస మారలేదు. ఏటా చూసేదే కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. పెళ్లయిన మొదటి దసరాకు మా ఆయన చూసి, "డిస్కుకి కూడా పూజేంటి?" అని నా చెవిలో అడిగాడు. "ఇన్నేళ్లు అన్నం పెట్టింది కదా" అన్నాను. అంతకంటే ఆలోచించలేదు.

ఈ సంవత్సరం ఆ డిస్కుతో నాకు పని పడింది.

మా పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. మాటలు ఇంకా రాలేదు. చెప్పింది మాత్రం అంతా అర్థమవుతుంది. చెప్పులు తెమ్మంటే తెస్తుంది. నావి కాదు, నాన్నవి అంటే వెనక్కి వెళ్లి అవే తెస్తుంది. కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది. నీళ్లు కావాలన్నా, బిస్కెట్టు కావాలన్నా, కిటికీ మీద పావురం వాలినా నోటి నుంచి వచ్చేది ఒకటే శబ్దం, "తా". చెవులకు పరీక్ష చేయించాం, బాగానే వినిపిస్తోందన్నారు. పిల్లల డాక్టరు మాటలు నేర్పే ఒకామె దగ్గరికి పంపింది. చంపాపేట్‌లో మేం ఉండే సందు నుంచి ఆటోలో వెళ్లి వస్తుంటాం. ఆమె నేల మీద కూర్చుని పాపతో కలిసి బొమ్మ గిన్నెల్లో వంట చేస్తుంది. మొదటి రోజే నన్ను అడిగింది, "మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయా?" అని.

మా ఆయన వాళ్లది గుంటూరు వైపు. మా అత్తగారికి ఫోన్ చేస్తే, "మావాడా? ఏడాది నిండకముందే పాలవాడి పేరు పెట్టి పిలిచేవాడమ్మా" అంది. ఇక మిగిలింది నేను.

మా అమ్మను అడిగితే ఆలోచించకుండా చెప్పింది. "నీకు గూడ మూడేండ్లు నిండినంకనే ఒచ్చినయ్. ఇప్పుడు జూడు, ఆపితే ఆగుతవా."

"నిజమేనా అమ్మా?"

"అబద్ధం నాకెందుకు? నేనైతే ఎన్నడు పరేషాన్ కాలే. నీ లెక్క ఫోన్ల చూసి ఏడ్సుకుంట కూసోలే."

నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే నాకు ఏది వచ్చినా అది అమ్మకు ముందే వచ్చి ఉంటుంది. నాకు మశూచి పొక్కుల్లాంటివి లేస్తే అమ్మకూ సరిగ్గా ఆ వయసులోనే లేచాయి. నేను డిగ్రీలో ఒక పేపరు తప్పితే, తనకు కూడా ఒక పేపరు పోయిందని ఓదార్చింది. ఆమె చదివింది ఐదో తరగతి. పైగా మా మేనత్త, నాకు నడక రాకముందే మాటలు వచ్చాయని పెళ్లిళ్లలో అందరికీ చెబుతుంది. ఇద్దరిలో ఎవరి మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకోవాలి? "తెలియదండీ" అన్నాను మాటలు నేర్పే ఆమెతో. "తెలిస్తే చెప్పండి, మనకు ఉపయోగపడుతుంది" అంది.

పడుకునే ముందు పాపకు రోజూ ఒక పరీక్ష పెట్టేదాన్ని. "అమ్మ అను" అనేదాన్ని. పాప నా పెదాలను శ్రద్ధగా చూసి, వాటి మీద వేలు పెట్టి, "తా" అనేది. ఇంకోసారి అడిగేదాన్ని. ఇంకోసారి. పాప మొహం తిప్పేసుకునేది. "రేపు అడుగుదువులే, పడుకోనివ్వు" అనేవాడు మా ఆయన. వాళ్లిద్దరూ పడుకున్నాక నేను ఫోన్లో చదవకూడనివన్నీ చదివేదాన్ని.

అలాంటి ఒక రోజే నాకు దుకాణం ఓపెనింగ్ వీడియో గుర్తొచ్చింది.

నాన్న నల్గొండ దగ్గరి ఊరు నుంచి వచ్చి, టైపు నేర్చుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ సెంటర్ పెట్టాడు. పెళ్లి పత్రికలు, కోచింగ్ సెంటర్ల నోట్సు, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చేసేవాడు. ఓపెనింగ్ రోజు పక్క దుకాణం వీడియో అతను మొత్తం క్యాసెట్ తీశాడు. ఆ హడావిడిలో తర్వాతి వారం వచ్చిన నా మూడో పుట్టినరోజును అందరూ మర్చిపోయారని అమ్మ నాన్నను ఇప్పటికీ దెప్పుతుంది. అంటే ఆ వీడియోలో నాకు మూడేళ్లు ఇంకా నిండలేదు. ఇప్పటి మా పాప వయసే. అందులో నేను మాట్లాడుతున్నానా లేదా అన్నది చూస్తే చాలు. అమ్మ మాటా అక్కర్లేదు, అత్త మాటా అక్కర్లేదు.

క్యాసెట్‌కు బూజు పడుతుంటే నాన్న ఆ వీడియోను దుకాణం కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ కంప్యూటర్ డిస్కే ఇప్పుడు దేవుడి అలమారాలో ఉంది.

మా ఆయన ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఈ మధ్యే కొత్త డెస్క్‌టాప్ కొన్నాడు. అమ్మావాళ్ల ఇంటి నుంచి డిస్కు తెచ్చి, కేబినెట్ పక్క రేకు విప్పి లోపలికి చూశాను. నేను వెతికిన చోటు అక్కడ లేదు.

నేను దుకాణంలోనే పెరిగాను. బడి నుంచి వచ్చి ప్రింటర్ పక్కన స్టూలు మీద హోంవర్క్ చేసుకునేదాన్ని. మదర్‌బోర్డు అంటే నాకు పక్కింటి వాకిలంత పరిచయం. హార్డ్ డిస్కు తగిలించే చోటు అప్పట్లో నా చిన్న అరచేయంత వెడల్పు ఉండేది. రెండు వరసల్లో సన్నటి సూదులు. దానికి జడ రిబ్బను లాంటి బూడిదరంగు కేబుల్, కేబుల్‌కు ఒక అంచున ఎర్ర గీత. "ఎర్ర గీత కరెంటు తీగ దిక్కు ఉండాలె, యాదికుంచుకో" అని నాన్న చెప్పేవాడు. ఎక్కాల కంటే ముందు అదే నేర్చుకుని ఉంటాను. పాడైన కేబుళ్లు నా బొమ్మకు నిజంగానే జడ రిబ్బన్లు అయ్యేవి.

దుకాణంలో మొదటి బోర్డు మీద అలాంటి చోట్లు రెండు ఉండేవి. కొన్నేళ్లకు కొన్నదాని మీద ఒక్కటే మిగిలింది, అదీ ఒక అంచుకు. దాని పక్కన వేలిగోరంత కొత్త సాకెట్లు వచ్చాయి. నాన్న ఆ బోర్డును చేత్తో పట్టుకుని చూసి, "మూలకు నూకిన్రంటే ఇగ దీని పని అయిపోయినట్టే" అన్నాడు. ఆ కంప్యూటర్లో పాతదీ కొత్తదీ రెండు డిస్కులూ ఉన్న రోజుల్లో పత్రికల డిజైన్లు, ఫాంట్లు కొత్తదాంట్లోకి మార్చుకున్నాడు. వీడియో మారాలంటే గంటలు పడుతుంది. బయట పెళ్లిళ్ల వాళ్లు నిలబడి ఉన్నారు. తర్వాత చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన బోర్డు మీద ఆ ఒక్క చోటు కూడా లేదు.

మా ఆయన కొత్త బోర్డు మీద అయితే ఆ వేలిగోరు సాకెట్లు కూడా రెండే. డిస్కు అనేది సిమ్ కార్డుకు అన్నలాంటి ఒక పట్టీ, బోర్డుకే స్క్రూతో బిగించి ఉంది.

"ఇది ఇటుకంత ఉంది. దీన్ని ఎక్కడ తగిలిస్తాం?" అన్నాడు మా ఆయన. "అయినా అంత కంగారెందుకు? పాపకి అన్నీ అర్థమవుతున్నాయని డాక్టర్ చెప్పింది కదా."

"నాకు చూడాలి."

ఆయన రేకు మళ్లీ బిగించాడు. "సరే. మీ నాన్నగారిని తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లు. సాయంత్రం నేను ఎల్బీ నగర్ వచ్చేస్తాను."

పాపను అమ్మ దగ్గర వదిలి, నేనూ నాన్నా మెట్రో ఎక్కాం. నాన్న డిస్కును టిఫిన్ సంచిలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. "గిప్పుడే దిగుతం గద" అన్నాడు.

దిగాక మొదటి రెండు దుకాణాల వాళ్లు డిస్కును చూసి తల అడ్డంగా ఊపారు. ఒకతను దాన్ని తిప్పి చూసి, ఏ కంపెనీ బ్యాటరీ అని అడిగాడు. నాన్న దాన్ని తీసుకుని తిరిగి సంచిలో పెట్టేశాడు. మూడోది బస్టాండు వెనక సందులో, మేడ మీద. దాని యజమాని ఒకప్పుడు నాన్న దుకాణానికి ప్రింటర్లు రిపేరు చేసినతను. నాన్నను చూడగానే కుర్చీ మీది సామాను కింద పెట్టి తుడిచాడు.

"ఏంది సార్, గిన్ని దినాలకు యాదికొచ్చిన్నా?"

నాన్న తువాలు విప్పి డిస్కు బల్ల మీద పెట్టాడు.

"అబ్బో. దీన్ని మ్యూజియంల పెట్టాలె సార్."

"మనల్ని గూడ పెట్టాలె. ముందుగాల దీన్ని సూడు."

"మీరు పోన్రి సార్. నేను ఇంక మార్కెట్ల ఉన్న." అని నవ్వి, అటక మీది అట్టపెట్టె దించాడు. పాత కేబుళ్లు చిక్కుపడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి, ఒక వైపు పాత సూదులకు, మరో వైపు యూఎస్‌బీకి సరిపోయే జోడింపు ఒకటి లాగాడు. "గిది ఎవరు అడుగుతరని దాసినో నాకే తెల్వదు" అంటూ డిస్కుకు గుచ్చాడు. "జర టైట్‌గ ఉంది." ఇంకా గట్టిగా నొక్కాడు. కరెంటు ఇచ్చాడు.

డిస్కు మూలిగి, మెల్లగా వేగం అందుకుంది. ఆ చప్పుడు విని నాన్న బల్ల మీదికి వంగాడు. నా చిన్నప్పుడు దుకాణం షట్టర్ ఎత్తగానే వినిపించే మొదటి చప్పుడు అది.

తెర మీద మాత్రం ఏమీ రాలేదు. అతను ఊడదీసి మళ్లీ గుచ్చాడు. సూదుల పక్కనున్న, జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ టోపీని ఒక గడి నుంచి మరో గడికి మార్చాడు. వేరే కంప్యూటర్‌కు పెట్టి చూశాడు. చివరికి కరెంటు తీసేసి, "తిరుగుతుంది గని మాట్లాడుతలేదు అక్కా" అన్నాడు.

అతను తెలియక అన్న మాటే. నేను కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడ్డాను.

"లోపలి బోర్డు పోయిందేమో. గట్లయితే రికవరీ చేసేటోళ్లకు పంపాలె, మన తోటి గాదు" అన్నాడు నాన్నతో. తర్వాత నా మొహం చూశాడో ఏమో, ఆ జోడింపునూ దాని ఛార్జరునూ డిస్కుతో పాటు సంచిలో పెట్టాడు. "తీస్కపోన్రి. ఇంట్ల ఇంకోపారి చూడున్రి. నా దగ్గర ఉన్నా పండుకునుడే గిది."

తిరుగు మెట్రోలో నాన్న నా పక్కనే కూర్చున్నాడు. చైతన్యపురి దాటాక నాన్నే అన్నాడు. "నువ్వెప్పుడు మాట్లాడినవో నాకు మంచిగ యాదికి లేదు బిడ్డా. పొద్దుగాల నేను పొయ్యేటప్పటికి పండుకునుంటివి, ఒచ్చేటప్పటికి పండుకునుంటివి. నీకు ధైర్యం జెప్పనీకి యాదికున్నదని అనొచ్చు. గని అది అబద్ధమైతది."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అమ్మ ఓదార్పుల మధ్య పెరిగిన నాకు, తెలియదని చెప్పే మనిషి పక్కన కూర్చోవడం హాయిగానే ఉంది.

ఇంటికి వచ్చేసరికి పాప అమ్మ ఒడిలో కూర్చుని పెరుగన్నం తింటోంది. "ఏమైంది?" అని అడిగింది అమ్మ.

"అందులో ఏదో పోయిందట. తిరుగుతోంది కానీ కంప్యూటర్‌కు కనిపించట్లేదు."

"ఏడ్సినట్టే ఉంది. నేను నోటితోటి చెప్పింది నమ్మవు, ఇనుప డబ్బా చెప్తె నమ్ముతవు" అంది అమ్మ.

నేను సంచి కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. వచ్చేసరికి పాప సంచిలోంచి డిస్కును సగం బయటికి లాగింది. వద్దని అరవబోయాను. అప్పటికే సూదుల వైపు వేలు పెట్టి తీసింది. ఆ వేలును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. తర్వాత నాకు చూపించింది.

"తా" అంది.

వేలి చివర పసుపుపచ్చగా ఉంది.

అమ్మ పాప చేతిని అందుకుని వాసన చూసింది. డిస్కు తీసుకుని వాకిట్లోకి వెళ్లి, ఎండకు పట్టి, కళ్లు చిట్లించి చూసింది. నేనూ చూశాను. సూదుల వరసలో ఒక కొస నుంచి దాదాపు సగం దాకా, మొదళ్లలో పసుపు, కుంకుమ గట్టిగా పెచ్చులు కట్టి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి ఎండిన పొరలు. జోడింపు పూర్తిగా లోపలికి దిగకపోవడానికి కారణం అదే. పొద్దున గుచ్చి తీసిన తోపుడుకు పై పెచ్చు కొంచెం రాలి పాప వేలికి అంటింది.

అమ్మ మెల్లగా నాన్న వైపు తిరిగింది. "ఇగో. ఏటా దసరాకు బొట్టు ఏడ పెడ్తున్నవ్ దీనికి?"

నాన్న దగ్గరికి వచ్చి చూశాడు. అద్దాలు సవరించుకుని మళ్లీ చూశాడు. "ముందల దిక్కు."

"సూదుల మీదనా?"

"మరి మొఖం గదే గద దానికి. ఎనక దిక్కు ఎవరన్న బొట్టు పెడ్తరా?"

"ప్రింటర్లకు, జిరాక్సుకు పైన పెట్టినవ్ గద."

"అవ్వి నడిచే మిషన్లు. ఆ సోయి నాకుండె. దీనికి..." నాన్న డిస్కును చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని పెట్టనీకి ఏ బోర్డు మీద గూడ జాగ లేదు. ఇగ సూదులతోటి ఏం పని ఉంటది అనుకున్న. మంచిగ మొఖానికే పెడుదమని పెట్టిన."

ఇన్నేళ్లలో మొదటిసారి నాన్న కంప్యూటర్ విషయంలో తలదించుకోవడం చూశాను. అమ్మ ఇంకా ఏదో అనబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఆమెను చూసి నాకూ ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా పాప కూడా చప్పట్లు కొట్టింది.

నాన్న వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాడు. కరోనా నాటి శానిటైజర్ సీసాలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. కొత్త టూత్ బ్రష్‌ను అందులో ముంచి, సూదుల మధ్య ఒక వరసలో రుద్దాడు. పెచ్చులు నానాక, అమ్మ కుట్టుపెట్టెలోని సన్నని సూదితో ఒక్కొక్కటే పెకిలించాడు. అమ్మ పక్కన నిలబడి ఫోన్ టార్చి పట్టుకుంది, సాయంత్రపు ఎండ ఉన్నా. రెండు సూదులు పక్కకు వంగి ఉన్నాయి. దుకాణంలో వాటిని సరిచేసే పద్ధతి నాన్నకు ఒకటి ఉండేది. అయిపోయిన పెన్ను రీఫిల్ తీసుకుని, ములికి పీకేసి, ఆ బోలు గొట్టాన్ని వంగిన సూదికి తొడిగి నెమ్మదిగా నిటారుగా లాగేవాడు. ఇప్పుడూ అలాగే లాగాడు. మా ఆయన వచ్చి, చెప్పులు విప్పకుండానే వంగి చూసి, "ఇటివ్వండి మామయ్యగారూ, నేను చేస్తాను" అన్నాడు.

"నువ్వు కూసో అల్లుడు. సూది ఇరిగితే మళ్ల ఏడ దొరకదు."

ఆరేదాకా ఫ్యాను కింద పెట్టాం. నా లాప్‌టాప్ తెరిచాను. నాన్న జోడింపును గుచ్చాడు. ఈసారి మొదలు దాకా దిగింది. కరెంటు ఇవ్వగానే ఆ మూలుగు, ఆ వేగం. లాప్‌టాప్ నుంచి చిన్న చప్పుడు వచ్చింది. తెర మీద కొత్త డ్రైవు ఒకటి కనిపించింది.

నాన్న దండం పెట్టుకోలేదు. వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

పెళ్లి పత్రికల ఫోల్డర్లు వందల కొద్దీ ఉన్నాయి. వాటి అడుగున ఒకటి 'ఓపెనింగ్'.

బొమ్మ మీద గీతలు పాకుతున్నాయి. రంగులు ఒక పక్కకు కారుతున్నాయి. షట్టర్‌కు బంతిపూల దండ. పంతులు. మానిటర్ నుదుట పెద్ద బొట్టు. నల్లటి మీసంతో, తెల్లచొక్కాలో నాన్న. వంకాయరంగు చీరలో అమ్మ, ఆమె చంకలో నేను. బుట్టచేతుల గౌను, రెండు పిలకలు.

"పాప పేరేంది? చెప్పు బేటా, నీ పేరు చెప్పు" అని కెమెరా వెనక నుంచి వీడియో అతను అడిగాడు.

ఆ పిల్ల అతన్ని చూసింది. కెమెరా మీది లైటు వైపు వేలు చూపించింది. "ఊఁ" అంది.

"పేరు బేటా, పేరు."

"ఊఁ."

మా పాప నా ఒడిలోంచి లేచి తెర దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల వేలు చూపించినట్టే తనూ ఆ పిల్లకు వేలు చూపించింది.

వీడియో చాలాసేపు సాగింది. ఆ పిల్ల మధ్యమధ్యలో కనిపిస్తూ ఉంది. లడ్డూల పళ్లెం వైపు వేలు. నాన్న చొక్కా అంచు పట్టుకుని మానిటర్ దగ్గరికి లాగడం. ఎవరో ముసలాయన ఎత్తుకుని ఏదో అడిగితే మొహం తిప్పుకోవడం. ఒక్క మాట లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు తెలియకుండానే నా భుజాలు కిందికి దిగాయి. అవి అన్ని నెలలుగా పైకి బిగుసుకుని ఉన్నాయని అప్పుడే తెలిసింది.

వచ్చినవాళ్లు టిఫిన్లు తింటున్న చోట, కెమెరా ఇంకెవరినో తీస్తుండగా, అంచున సగం కనిపిస్తూ అమ్మ ఒక పెద్దావిడతో మాట్లాడుతోంది. ఆమె అప్పట్లో మా కిరాయి ఇంటి ఓనరమ్మ. గిన్నెల చప్పుడులోంచి అమ్మ గొంతు వినిపించింది.

"మూడేండ్లు ఒస్తున్నయక్కా, ఒక్క మాట లేదు. ఏది అడిగినా వేలే. నాకు రాత్రిళ్లు నిద్ర పడ్తలేదు. పండుకున్నదాన్ని లేపి అమ్మ అను, అమ్మ అను అంటున్న. దవాఖానకు తీస్కపోవాల్నా?"

"తీస్కపో. చూపిస్తే తప్పేమున్నది. గని గిప్పుడు ఏడ్వకు, ఓపెనింగ్ దినం" అంది పెద్దావిడ.

నేను వీడియో ఆపలేదు. అమ్మ వైపు చూశాను. ఆమె తెరనే చూస్తోంది.

"ఇప్పటికన్న సన్నగున్న అప్పుడు" అంది.

"అమ్మా. ఎన్నడు పరేషాన్ కాలే అన్నావు."

"అయిన. అయితే ఏంది? దవాఖానకు గూడ తీస్కపోయిన. ఆళ్లు చూసి, ఆగు, ఒస్తయన్నరు. నీకు గీ సంగతి చెప్తె ఇంకింత బుగులు పడ్తవని చెప్పలే."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు నాన్న గోడ దగ్గర నుంచి.

"నువ్వు ఎర్ర గీత ఏ దిక్కున్నదో చూస్కుంటున్నవ్."

నాన్న లేచి వెళ్లి, అమ్మకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఇంతకీ తను మొదట ఏం మాట అంది అత్తయ్యా?" అని అడిగాడు మా ఆయన.

"వద్దు అన్నది. పాలు వద్దు."

"ఇప్పటికీ ఎక్కువ వాడే మాట అదేలెండి."

మాటలు నేర్పే ఆమెకు మర్నాడు ఈ సంగతంతా చెప్పాను. ఇలాంటిది ఇంట్లో ముందు ఉండటం తెలుసుకోవలసిన విషయమే, అయితే దాన్ని హామీ అనుకుని సెషన్లు మాత్రం మానొద్దు అంది. మానను. చెవుల పరీక్ష మళ్లీ ఒకసారి చేయించమంటే అదీ చేయిస్తాను. అన్నీ చేస్తాను. చేస్తూ కూడా ఊపిరి పీల్చుకోవచ్చని మాత్రం ఇప్పుడే తెలిసింది.

వీడియో ఇప్పుడు మా ఆయన కొత్త కంప్యూటర్లో ఉంది, నా ఫోన్లో ఉంది, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది. ఇక ఆ డిస్కుతో ఎవరికీ పని లేదు. అయినా నాన్న దాన్ని అడిగి తీసుకున్నాడు. ఉతికిన తువాలు ముక్కలో చుట్టి, సూదుల వైపు అట్టముక్క అడ్డం పెట్టి, అలమారాలో పాత చోటే పెట్టాడు. వచ్చే దసరాకు బొట్టు పై మూత మీదే పెడతానని మాట ఇచ్చాడు. అమ్మ నమ్మలేదు. ఆ పూటకు పసుపు గిన్నె తనే పట్టుకుంటానంది.

ఇప్పుడు పాప నా పక్కనే పడుకుని ఉంది. పడుకునే ముందు అలవాటు ప్రకారం నా పెదాల మీద వేలు పెట్టి, నేను అడిగే మాట కోసం చూసింది. నేను అడగలేదు. ఆ వేలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. గోరు సందులో ఇంకా కొంచెం పసుపు ఉంది. పాప కాసేపు ఎదురుచూసి, పరీక్ష లేదని అర్థమయ్యాక, "తా" అని తనంతట తనే అనేసి అటు తిరిగి పడుకుంది.